పాత కంప్యూటరుతో పరిచయం



ఉద్యోగమంతా రిజిస్టర్ల మధ్య గడిపిన గుమాస్తాను నేను. డెబ్బై దాటాక నాకు కంప్యూటరు భయం పోగొట్టింది కొత్త యంత్రం కాదు, పాతది.

గదినిండా పట్టే సిస్టం 370 మెయిన్‌ఫ్రేముల కోసం ఐబీఎం కంపెనీ 1974లో ఎం.వి.ఎస్. అనే ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది. మామూలు కంప్యూటరు చేత ఆ పెద్ద యంత్రం వేషం కట్టించే ప్రోగ్రాము హెర్క్యులీస్. 1999లో రోజర్ బౌలర్ దాన్ని తెచ్చారు. ఇటువంటివాటిని ఎమ్యులేటర్లంటారు. మా మనవడు దానిమీద ఎం.వి.ఎస్. 3.8 ఎక్కించి ఇచ్చాడు. ఖర్చేమీ లేదు.

ఇందులో బొమ్మలుండవు. ఇంగ్లీషులో ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కాలి. ముందు 'లాగాన్' అని మన పేరు, పాస్‌వర్డు ఇవ్వాలి. అది హాజరుపట్టీలో సంతకం. తరువాత 'రెడీ' అని వస్తుంది. "చిత్తం, సెలవియ్యండి" అన్నట్టన్నమాట.

'టైమ్' అంటే గంట ఎంతయిందో, మనం కూర్చుని ఎంతసేపయిందో చెబుతుంది. 'లిస్ట్‌క్యాట్' అంటే మన పేరున ఉన్న ఫైళ్ల జాబితా ఇస్తుంది. అది మన ఇండెక్సు రిజిస్టరే. జాబితా తెరకు మించితే కింద మూడు చుక్కగుర్తులు పెట్టి ఆగుతుంది. యంత్రం చెడిపోలేదు, ఎంటర్ కోసం చూస్తోంది, అంతే.

ఫైలు పేరు ముక్కలుముక్కలుగా, మధ్య చుక్కలతో ఉంటుంది. ఒక్కో ముక్కకు 8 అక్షరాలు, మొత్తం 44 మించరాదు. పేరు ఊరికే రాస్తే ముందు మన పేరు తానే చేర్చుకుని మన బీరువాలోనే వెతుకుతుంది. వేరే సెక్షను ఫైలు కావాలంటే పూర్తి పేరు కొటేషను గుర్తుల మధ్య రాయాలి. మన ఆఫీసు పద్ధతికి ఇదేమైనా కొత్తా చెప్పండి?

'డిలీట్' దగ్గర మాత్రం జాగ్రత్త. రికార్డు రూములో ఫైలు తీసేయాలంటే పైవారి ఉత్తర్వు కావాలి. ఇది ఎవరినీ అడగదు, వెంటనే తీసేస్తుంది. అందుకే ముందుగా మొత్తానికి ఒక నకలు దాచి ఉంచుకుంటే నిశ్చింతగా నేర్చుకోవచ్చు. సందేహం వస్తే 'హెల్ప్' అని పక్కన ఆజ్ఞ పేరు రాయండి. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు.

చివర 'లాగాఫ్' తప్పనిసరి. అది చెప్పకుండా కిటికీ మూసేస్తే, మళ్లీ వచ్చినప్పుడు "ఈ పేరు వాడుకలో ఉంది" అని రానివ్వకపోవచ్చు.

ఇదంతా మనకెందుకంటారా? 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ద్వారా లైఫ్ సర్టిఫికెట్ కంప్యూటరులోనే ఇవ్వవచ్చు. పెన్షను పడిందో లేదో ఫోనులోనే చూసుకోవచ్చు. కానీ మనలో చాలామంది ఫోనూ, పాస్‌వర్డూ, ఓటీపీ కూడా ఎవరో ఒకరి చేతిలో పెట్టేస్తున్నాం. జీవితమంతా ఇతరుల లెక్కలు సరిచూసినవాళ్లం, మన లెక్క మనం చూసుకోలేమా?

మన పేరుతో మనమే లోపలికి వెళ్లడం, అడగవలసింది అడగడం, జవాబు పూర్తిగా చదవడం, పని కాగానే బయటికి రావడం. యాభై ఏళ్ల నాటి యంత్రం నేర్పే ఈ నాలుగూ నేటి బ్యాంకు పనికీ సరిపోతాయి. పిల్లలకు నా విన్నపం ఒక్కటే. మా పని మీరు చేసిపెట్టకండి, పక్కన కూర్చుని మా చేత చేయించండి.