రోగి కంటే ముందు సమాచారం చేరాలి

పట్టాలు అందుకున్న మీ అందరికీ నా అభినందనలు.

మీలో కొందరు వైద్యసేవలను నడిపిస్తారు. మరికొందరు వాటికి కావలసిన సాఫ్ట్‌వేర్ రాస్తారు. అందరికీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రోగి కంటే ముందు రోగి సమాచారం ఆసుపత్రికి చేరాలి.

సమాచారం ప్రాణం కాపాడగలదని మన నేల ఎప్పుడో చూసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. ఎక్కడ ఆపద వచ్చిందో, దగ్గర్లో ఏ అంబులెన్స్ ఉందో ఒకే చోట తెలియడమే ఆ సేవకు బలం. తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని అందుకున్నాయి.

అంబులెన్స్ రోగిని చేరే దారి అలా తేలింది. ఇక రోగి వివరాలు ఆసుపత్రికి చేరే దారి చూడండి. చింతూరు ఏజెన్సీలో ఒక గర్భిణికి హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గిందనుకుందాం. అది తీవ్రమైన రక్తహీనత. గ్రామ ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం ఆ అంకెను ట్యాబ్‌లో ఎక్కిస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక చింతూరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దగ్గర్లోని పెద్ద ఊరు భద్రాచలం తెలంగాణలో ఉంది. నొప్పులు మొదలైతే ఏ తల్లీ సరిహద్దు చూసుకోదు. ఆమె వివరాలు మాత్రం సరిహద్దు దగ్గరే ఆగిపోతే, రక్తం సిద్ధం చేసుకోవాల్సిన సమయం అక్కడి డాక్టర్ల చేయి జారిపోతుంది.

ఈ అడ్డు తొలగించగల సాధనం ఇప్పుడు ఉంది. 2021లో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ప్రతి వ్యక్తీ 14 అంకెల ఆభా సంఖ్య తీసుకోవచ్చు. రోగి ఒప్పుకుంటే, ఈ వ్యవస్థలో చేరిన ఒక ఆసుపత్రి రిపోర్టును మరో ఆసుపత్రి చూడగలదు. సంఖ్య ఇవ్వడం తేలిక. దానికి సరైన రిపోర్టులు జతచేయడమే కష్టం. ఆ కష్టం మీరు పడాలి.

సిగ్నల్ లేని గూడెంలోనూ పనిచేసే యాప్ రాయండి. ఒకే వివరాన్ని రిజిస్టర్‌లో, ట్యాబ్‌లో రెండుసార్లు ఎక్కించే బరువు ఏఎన్‌ఎం మీద వేయకండి. రోగి అనుమతిని రోగికి అర్థమయ్యే భాషలో, అది కోయ అయితే కోయలోనే అడగండి. హెచ్‌ఐవీ, మానసిక వ్యాధి వంటి వివరాలు బయటికి పొక్కితే ఆ మనిషి ఊళ్లో తలెత్తుకు తిరగలేని పరిస్థితి వస్తుంది. ఆ రహస్యాన్ని సొంత ఇంటి పరువులా కాపాడండి.

రేపు మీ స్క్రీన్ మీద నమోదుల సంఖ్య లక్షలు దాటవచ్చు. అంతటితో తృప్తిపడకండి. వాటివల్ల ఎంతమందికి వైద్యం సమయానికి అందిందో అడగండి. ఆ జవాబు బాగుంటేనే మీ చదువు ప్రజలకు పనికొచ్చినట్టు.