బండ ఎక్కడం మన ఆట కూడా
(సోమందేపల్లె మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెనుకొండ చుట్టుపక్కల బండలకు కొదవలేదు. మేకల వెంట, కట్టెల కోసం ఆడవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. అది పని కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. ఆటగా ఎక్కుతామంటేనే 'ఆడపిల్లకు ఇదేం పోయేకాలం?' అంటారు.

పట్నాల్లో ఈ ఆటనే నాలుగు గోడల మధ్య ఆడుతున్నారు. పేరు బౌల్డరింగ్. సుమారు నాలుగున్నర మీటర్ల గోడ, పట్టుకోవడానికి రంగురంగుల పిడులు, కింద మందపాటి పరుపులు. తాడుండదు. కొత్తవాళ్లు మొదట నేర్చుకోవలసింది పడటం: మోకాళ్లు వంచి దిగాలి, చేతులు వెనక్కి ఆనించకూడదు. ఎక్కేటప్పుడు బరువు కాళ్ల మీద వేయాలి. స్నేహితురాళ్లు పక్కన నిలబడి కాలెక్కడ పెట్టాలో చెబుతారు. అందుకే భయం సగం తగ్గుతుంది.

నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి బండ మీద శిక్షణ పొందింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. అవకాశం ఇస్తే ఏమవుతుందో ఆమే సాక్ష్యం.

మరి మన పిల్లలు? సమర్తాడగానే ఆటస్థలం మగపిల్లలదైపోతోంది. 1993లో మన దేశం ఆమోదించిన స్త్రీ వివక్ష నిర్మూలన ఒప్పందం 13వ అధికరణం ఆటల్లో స్త్రీలకు సమాన హక్కు ఉందంటుంది.

పిల్లల్ని ఒంటరిగా బండల మీదికి పంపమనడం లేదు. బడి సమావేశానికి వెళ్లి, ఆడపిల్లలకు ఆటల గంట, నేర్పే టీచరమ్మ, పడితే కాపాడే పరుపు కావాలని అడుగుదాం. కలిసి అడుగుదాం.