ఇంధనం లెక్క ఎవరు చెప్పాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పరిచయం చేసిన మిత్రుడు పైలట్ అన్నాడు. ఆ గౌరవం నాకు చెందదు. నేను విమానాలు బాగుచేసే ఇంజనీరుని. గాలిలో కనిపించిన లోపాన్ని పైలట్లు లాగ్ పుస్తకంలో రాసి దిగిపోతారు. అది చదివి, పానా పట్టుకుని, పని పూర్తయ్యాక సంతకం పెట్టేది మేము. అయితే మేము చెయ్యి వేసేలోగా, పైన ఉన్న ఆ గంటో రెండు గంటలో వాళ్లు ఏం చేస్తారు? ఈ రోజు దాని గురించే మాట్లాడమన్నారు.

2024 అక్టోబర్ 11, దసరా ముందు రోజు. తిరుచిరాపల్లి నుంచి షార్జాకు బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో హైడ్రాలిక్ లోపం వచ్చింది. లోపల 141 మంది ప్రయాణికులు. రెండున్నర గంటలు గాలిలోనే చక్కర్లు కొట్టి, రాత్రి ఎనిమిది దాటాక అదే ఊళ్లో క్షేమంగా దిగింది. ఆ రెండున్నర గంటలూ టీవీలు ఊదరగొట్టాయి. నాకు ఫోన్ల మీద ఫోన్లు. "వెంటనే దించెయ్యొచ్చు కదరా, ఇంకా తిప్పుతారెందుకు?" అని.

ఎందుకంటే బరువు. బోయింగ్ 737-800 రకాన్నే తీసుకోండి. సుమారు 79 టన్నులతో పైకి లేవగలదు, కానీ దిగేటప్పుడు 66 టన్నులకు మించకూడదు. పెద్ద విమానాలకు గాలిలోనే ఇంధనం వదిలేసే ఏర్పాటు ఉంటుంది. 737కి అది లేదు, తిరిగి తిరిగి కాల్చుకోవలసిందే. గంటకు రెండున్నర టన్నులు కాలుతుందనుకుంటే మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు. పైగా హైడ్రాలిక్ అంటే నూనె ఒత్తిడి. చక్రాలు దించడానికి, రెక్కల వెనక ఫలకాలు చాపడానికి, బ్రేకులకు అదే బలం. ఒక వరుస పోతే రెండోది ఉంటుంది, దానికి తోడు స్టాండ్‌బై ఉంటుంది. అయినా, సగం బలంతో ఆపాల్సిన బండిని బరువు తగ్గించి తెస్తేనే కదా మంచిది. విమానం కాలిపోతుంటే సంగతి వేరు, ఎంత బరువున్నా దించేస్తారు. అది కాకపోతే తొందర పడరు. అలా తిరగడం అయోమయం వల్ల కాదు, అది వాళ్ల పనిలో భాగం.

అయితే ఇదే తిరగడం 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పది ప్రాణాలు తీసింది. మా చదువులో ఈ కథ చెప్పకుండా ఎవరినీ వదలరు.

యునైటెడ్ వారి డీసీ-8 విమానం, 189 మంది. దిగడానికి చక్రాలు వదలగానే కింద పెద్ద చప్పుడు, విమానం ఓ పక్కకు ఊగింది. చక్రం సరిగా దిగిందని చెప్పాల్సిన పచ్చదీపం వెలగలేదు. కెప్టెన్ ఇంచుమించు గంటసేపు పక్కనే తిరుగుతూ ఆ చక్రం గురించే ఆలోచించాడు. ప్రయాణికులను సిద్ధం చేయించాడు, సిబ్బంది ఎంతవరకు వచ్చారో కనుక్కున్నాడు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ తప్పు పని కాదు. ఆ గంటలో ఇంధనం అయిపోతూ ఉంది. పక్క సీటు పైలట్, వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు ఇంధనం మాట ఎత్తారు, ఒక్కసారి కాదు. కానీ "ఇక ఇన్ని నిమిషాలే ఉంది, ఇప్పుడే రన్‌వే వైపు తిప్పాలి" అని తేల్చి ఎవరూ అనలేదు. ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. విమానాశ్రయానికి ఆరు మైళ్ల దూరంలో చెట్లమధ్య, ఇళ్లమధ్య కూలింది. పోయిన పదిమందిలో ఆ ఫ్లైట్ ఇంజనీరు ఒకడు. కెప్టెన్ బతికాడు.

ఇంతకీ ఆ చక్రం దిగే ఉంది, లాక్ కూడా పడింది. తుప్పు తిన్న కడ్డీ విరగడంతో చక్రం ఒక్కసారిగా కిందికి పడింది. ఆ దెబ్బకు దీపం వెలిగించే స్విచ్ పాడైంది. అంతే.

మన దగ్గర ఒక మాట ఉంది, "పెద్దాయనకు తెలీదా?" అని. ఆఫీసులో, ఇంట్లో, ఆపరేషన్ థియేటర్లో ఎన్నిసార్లు విన్నామో! ఆ కాక్‌పిట్‌లో తెలుగు రాకపోయినా ఆ మాట ఉందనే నా నమ్మకం. దర్యాప్తు నివేదిక కూడా ఇద్దరి వైపూ వేలు చూపింది. కెప్టెన్ ఇంధనం చూసుకోలేదు, చెప్పినా పట్టించుకోలేదు. మిగతా ఇద్దరికీ ప్రమాదం పూర్తిగా అర్థం కాలేదు, అర్థమైనంత మేరకైనా గట్టిగా చెప్పలేకపోయారు.

ఆ తరువాతే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ వచ్చింది. 1979లో నాసా ఇందుకోసం ఒక సదస్సు పెట్టింది, 1981లో యునైటెడ్ తన పైలట్లకు మొదలుపెట్టింది. పేరు ఏదో మేనేజ్‌మెంట్ కోర్సులా ఉంటుంది గానీ సారం మోటు సంగతే. ఒకరు విమానం నడపడం తప్ప ఇంకేమీ పెట్టుకోకూడదు. రెండోవారు చెక్‌లిస్టు చదవాలి. చిన్నవాడు అంకెతో సహా చెప్పాలి, పెద్దవాడు బదులివ్వాలి. బదులు రాకపోతే మళ్లీ చెప్పాలి. "ఇంధనం తగ్గుతోందండీ" అనడానికీ "పది నిమిషాల్లో దిగాలండీ" అనడానికీ మధ్య 189 మంది ఉన్నారు.

ఇది అబ్బితే ఎలా ఉంటుందో 2010 నవంబర్ 4న సింగపూర్‌లో కనిపించింది. సిడ్నీ వెళ్లాల్సిన క్వాంటాస్ ఎ380, 469 మంది. పైకి లేచిన కొద్ది నిమిషాలకే రెండో ఇంజన్ లోపలి చక్రం పగిలి, ముక్కలు రెక్కను చీల్చుకుపోయాయి. నూనె గొట్టం ఒకటి సరిగా తయారు కాకపోవడం దీనికి మూలం. నాబోటివాడు ఆ నివేదిక చదివిన రాత్రి నిద్రపోడు. తెరమీద హెచ్చరికలు పదులకొద్దీ వరసకట్టాయి. ఇంధనం వదిలేసే ఏర్పాటూ పోయింది. కాక్‌పిట్‌లో ఆ రోజు ఐదుగురు పైలట్లున్నారు. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ, పాడైనవి లెక్కపెట్టడం ఆపి, ఇంకా ఏవి పనిచేస్తున్నాయో వాటిని పట్టుకుని ఆలోచించానని తరవాత చెప్పాడు. ఇంచుమించు రెండు గంటలు గాలిలో ఉండి, 4,000 మీటర్ల రన్‌వేలో సుమారు వంద మీటర్లే మిగులుతుందని లెక్క తేల్చుకుని దించారు. దిగాక ఒక ఇంజన్ ఆగనంది, రెండు గంటలకు పైగా తిరుగుతూనే ఉంది. రెక్కలోంచి ఇంధనం కారుతోంది, బ్రేకులు కాలుతున్నాయి. అప్పుడు కూడా జారుడు బల్లలు తెరిచి జనాన్ని దూకించలేదు. మంటలార్పేవాళ్లు నురగ చల్లేదాకా ఉండి, మెట్లు తెప్పించి దింపారు. ఒక్కరికీ గాయం కాలేదు.

మా పనిలో నేను ఎక్కువగా చూసింది ఇంత పెద్దవి కాదు. విమానం వెనక్కి వచ్చేస్తుంది. చూస్తే ఒక సెన్సర్ తీగ వదులైంది, గంటలో సరిచేసి సంతకం పెట్టేస్తాం. ఈలోగా కింద గొడవ. ఒకరికి పెళ్లి, ఒకరికి వీసా ఇంటర్వ్యూ, ఇంకొకరికి తండ్రి ఆసుపత్రిలో. "ఈపాటి దానికేనా వెనక్కి తెచ్చారు?" అని కెప్టెన్‌ను చుట్టుముట్టడం నా కళ్లతో చూశాను. వాళ్ల కష్టం నిజం. కానీ ఆ తీగ వదులు సంగతి కవరు విప్పాక నాకు తెలిసింది. ముప్పై వేల అడుగుల పైన ఆయనకు కనిపించింది ఎర్రదీపం ఒక్కటే. నన్నడిగితే, అలా వెనక్కి తెచ్చినాయన్ను మరుసటి రోజు ఆఫీసులో ఎవరూ ఏమీ అనకుండా ఉండటం, నేను బిగించే బోల్టులన్నిటికన్నా ముఖ్యం.

ఇచ్చిన సమయం అయిపోయిందని సెక్రటరీ గారు చెయ్యెత్తి చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. మొదటి ప్రశ్న మాత్రం లెక్కల మాస్టారుకు ఇవ్వకండి. ఆ 79, 66 టన్నుల తీసివేత ఆయన ఇప్పటికే కాగితం మీద చేసేసినట్టున్నారు.