ఏటిగడ్డ మట్టి ఎవరి సొత్తు?

(బాన్సువాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి అంటే మనకు పట్టా గుర్తుకొస్తది. ఈరోజు పట్టా లేని భూమి గురించి మాట్లాడుకుందాం. ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ, ఈత చెట్లు పెరిగే ఏటిగడ్డ అది. సర్కారు కాగితాల్లో పోరంబోకు. భూస్వామికి బంజరు. ఇసుక కాంట్రాక్టరుకు అడ్డం. మరి మనకేమిటి?

ఆ మట్టి చేసే పని చూడండి. మంజీర పొంగినప్పుడు చెట్ల మొదళ్లు, పొదలు నీటి ఉరుకును అడ్డుకుంటయి. నీరు నెమ్మదించగానే ఒండ్రు కిందికి దిగుతుంది. రాలిన ఆకు కుళ్లి, వానపాములు తవ్వి మట్టి గుల్లబారుతుంది. గుల్లబారిన మట్టి నీటిని తాగి, మెల్లమెల్లగా బావులకూ చెలిమెలకూ వదులుతుంది. పై మడుల నుంచి యూరియా కలిసి వచ్చే నీటిని కడిగేదీ అదే. తడిసి గాలాడని మట్టిలో సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజనిగా మార్చి గాలిలోకి వదులుతయి. ఆకుల్లో, వేర్లలో ఉన్న కర్బనాన్ని ఆ మట్టి ఏండ్ల తరబడి దాచుకుంటుంది.

ఇంత చేసి కూలి అడగదు. మన తాతల వెట్టికి లెక్క రాయనట్టే, ఈ మట్టి చాకిరీకీ ఎవరూ లెక్క రాయలేదు.

రాయకపోతే ఏమైతదో నిజాంసాగర్‌ను అడగండి. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మొదటి సామర్థ్యం 29 టీఎంసీలకు పైనే. పూడిక చేరి సగానికి మించి పోయింది. 1970లలో ఎత్తు పెంచినా ఇప్పుడు 17.8 టీఎంసీలే. ఆ పూడిక ఎక్కడిది? పట్టి ఉంచే చెట్టూ గడ్డీ లేక ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మట్టే కదా!

2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లా మీద కుండపోత కురిసింది. వరి మడులు మునిగినయి, ఇసుక మేటలు పడ్డయి. అంత వానను చెట్లే ఆపుతయని మేము అనడం లేదు. కానీ ఒడ్డు కోసుకుపోతే ముందు పోయేది ఎవరి చెలక? ఏటి పక్కన అసైన్డు ఎకరం దొరికినోళ్లది. ఇసుక తోడితే నీటిమట్టం దిగుతుంది. కలిగినోడు బోరు ఇంకా లోతుకు దించుతడు. మన వాడ చేదబావి ఎండుతుంది. నష్టంలోనూ కులం ఉంది.

ఈ మట్టి విద్య మనకు కొత్త కాదు. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసింది మాదిగలు. ఏ ఇసుకలో చెలిమె తీస్తే మంచినీళ్లు ఊరుతయో తెలిసింది ఊరబావిని ముట్టనియ్యని మన తల్లులకు. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగి బాబాసాహెబ్ నీటి మీద హక్కు చాటాడు. ఆ నీటిని దాచే మట్టి మీద హక్కు మనం అడగాలి.

ఇసుక తవ్వకానికి హద్దులు పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. గ్రామసభలో లేచి అడుగుదాం: మన ఊరి ఏటిగడ్డ ఎన్ని ఎకరాలు? ఏ సర్వే నంబరు? ఎవరి కబ్జాలో ఉంది? ఆ లెక్క పంచాయతీ గోడ మీద రాయించాలి. ఒడ్డున చెట్లు పెంచే పని, దాని కూలి, ఆ చెట్ల ఫలసాయం ఏటి పక్కన బతికే భూమిలేని కుటుంబాలకే రావాలి.

మట్టి పోయినంక చేతికొచ్చే పట్టా ఉత్త కాగితమే. జై భీమ్!