మన కార్యాలయపు మాట మన గడపలోనే

విశాఖపట్టణములోని యొక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసపాఠము



నేటి ప్రసంగవిషయము వినుటకు స్వల్పముగా తోపవచ్చును. ఒక కార్యాలయములోని ఉద్యోగులు పరస్పరము సందేశములు పంపుకొనుటకు తమదైన ఏర్పాటును తమ గోడల లోపలనే నెలకొల్పుకొనవలెనా, నెలకొల్పుకొన్నచో దానిని నడుపుట యెట్లు అనునది ప్రశ్న. రేవును, ఓడల నిర్మాణశాలను, ఉక్కు కర్మాగారమును గల పట్టణములో ఇది గుమాస్తాల సౌకర్యమునకు సంబంధించిన ముచ్చటయే గదా యని కొందఱు అనవచ్చును. కాని మన పట్టణము ఒక శతాబ్దముగా వేసికొనుచున్న పెద్ద ప్రశ్న యీ చిన్న ప్రశ్నలో దాగియున్నది. సరకు మనది, దానిని మోయు వాహనము ఎవరిది?

పూర్వము కార్యాలయములో ఒక ఉత్తరువు వెలువడినచో దానికొక ఫైలు, ఒక సంఖ్య, ఒక తేదీ, ఒక సంతకము ఉండెడివి. వచ్చిన కాగితమునకును పోయిన కాగితమునకును వేర్వేరు రిజిస్టర్లు ఉండెడివి. నేడట్లు కాదు. ఓడ యే బెర్తునకు చేరునో, క్రేను ఎచ్చట చెడినదో, రాత్రి షిఫ్టునకు ఎవరు రాలేదో, టెండరు గడువు ఎప్పటికి మాఱినదో, అన్నియు వాట్సాప్ గుంపులలోనే తెలియుచున్నవి. అధికారి "సరే" యని వ్రాసినచో అదియే ఆమోదము. బొటనవ్రేలి బొమ్మ పెట్టినచో అదియే సంతకము. ఈ వేగమును నేను నిందింపను. వేగమువలన పని జరుగుచున్నది. కాని పని జరిగినదను సాక్ష్యము ఎచ్చట నిలుచుచున్నదో విచారింపవలెను.

రహస్యము విషయమున న్యాయముగా మాటలాడుదము. 2016 నుండి వాట్సాప్‌లో పంపువాని ఫోనునందును అందుకొనువాని ఫోనునందును తప్ప నడుమ నెవరును సందేశమును చదువజాలని గూఢలిపి అమలులో నున్నది. కావున దారిలో ఉత్తరములు విప్పి చదువుచున్నారని నేను ఆరోపింపను. నా ఆక్షేపణ వేఱు. రహస్యము ఒకటి, స్వాధీనము మఱియొకటి. ఆ గుంపు ఉద్యోగి సొంత ఫోనులో, అతని సొంత నంబరుపై నడచుచున్నది. అతడు పదవీవిరమణ చేసినను, ఫోను పోగొట్టుకొన్నను, నాలుగేండ్ల ఉత్తరువులు అతనితోనే పోవును. 2005 నాటి సమాచారహక్కు చట్టము "సమాచారము" అను పదమును నిర్వచించుచు ఈ-మెయిళ్లను కూడ అందు చేర్చినది. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టము, కేంద్రప్రభుత్వము యొక్కయు దాని సంస్థల యొక్కయు రికార్డులను, అధికార కార్యమునకు తప్ప, ముందస్తు అనుమతి లేక దేశము వెలుపలికి కొనిపోరాదని శాసించుచున్నది. కాగితము ఎల్ల దాటరాదని చట్టము చెప్పుచుండగా, ఆ కాగితము పుట్టుటకు మూలమైన సంభాషణ యే గిడ్డంగిలో నున్నదో అడుగువారు లేరు.

పరాధీనత యొక్క ఫలము కేవలము ఊహ కాదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థవారు తమ మూలమార్గములను సరిచూచుచు ఇచ్చిన యొక పొరపాటు ఆజ్ఞవలన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడును సుమారు ఆఱు గంటలు లోకమంతట మూగవోయినవి. కార్యాలయ సంభాషణకు పేరుపొందిన హిప్‌చాట్ సేవను దాని యజమానులు 2018లో పోటీదారుకు అప్పగించి, 2019 ఫిబ్రవరిలో మూసివేసిరి. ఆ పోటీదారైన స్లాక్ సంస్థ తన ఉచిత ఖాతాలలోని యేడాది దాటిన సందేశములను 2024 ఆగస్టు నుండి తుడిచివేయుట కారంభించినది. ఇవన్నియు వర్తకుల స్వేచ్ఛ. అద్దె యింటివాని కష్టము.

ఇంతకంటె గంభీరమైన యుదాహరణము మన దేశములోనే జరిగినది. గుజరాతులోని వాడినార్ వద్ద పెద్ద చమురుశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీ సంస్థపై, అందు రష్యా చమురు సంస్థకు వాటా యుండుటచే, యూరోపియన్ యూనియన్ 2025 జూలై 18న ఆంక్షలు విధించినది. కొద్ది దినములలోనే మైక్రోసాఫ్ట్ సంస్థ తన సేవలను నిలిపివేసినది. ఉద్యోగులకు ఈ-మెయిలు లేదు, టీమ్స్ లేదు. నయారా ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది. ఆ నెల ముగియకముందే సేవలు తిరిగి వచ్చినవి. ఇచ్చట గమనింపదగినది యేమనగా, ఆ ఆంక్ష మన పార్లమెంటు చేసినది కాదు, మన న్యాయస్థానము విధించినది కాదు. సొమ్ము చెల్లించి వాడుకొనుచున్న సేవ సముద్రముల కావలి నిర్ణయమువలన ఆగినది. మన పట్టణములోను చమురుశుద్ధి కర్మాగారము కలదు, రేవు కలదు, నౌకాదళ కేంద్రము కలదు. పొరుగింటి అగ్గి మన యింటి చూరునకు దూరమని నిద్రింపవచ్చునా?

ఈ పాఠము విశాఖకు క్రొత్తది కాదు. మన పత్తి, మన నూనెగింజలు, మన ఖనిజము పరుల ఓడలలో, పరులు నిర్ణయించిన కిరాయికి పోవుచుండిన దినములలో సింధియా కంపెనీవారు 1919 ఏప్రిల్ 5న "లాయల్టీ" యను ఓడను బొంబాయినుండి లండనుకు నడిపిరి. 1933 అక్టోబరులో మన రేవులో మొదట ప్రవేశించిన "జలదుర్గ" వారిదే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటనే ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. మరుసటి యేడు ఏప్రిలులో జపానువారి బాంబులు ఈ తీరమున పడినవి. అట్లయినను సంకల్పము చెడలేదు. 1948 మార్చి 14న "జలఉష"ను జవహర్‌లాల్ నెహ్రూగారు జలప్రవేశము చేయించిరి. ఓడను కొనవచ్చును గదా, కట్టనేల యని ఆనాడును అడిగినవారుండిరి. 1966లో ఉక్కు కొఱకు ఆంధ్రులు ప్రాణములొడ్డినప్పుడును ఉక్కు ఎచ్చట కొన్నను ఉక్కే గదా యనినవారుండిరి. వారికి మన పట్టణమే ప్రత్యుత్తరము.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేండ్లలో సుమారు 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో విశాఖలో కృత్రిమమేధా కేంద్రమును నిర్మింతుమని ప్రకటించినది. రానిండు, స్వాగతము. కాని గిడ్డంగి మన యూరిలో నుండుట ఒకటి, దాని తాళపుచెవి మన చేత నుండుట మఱియొకటి. మొదటిది వచ్చినంతమాత్రమున రెండవది వచ్చినదని భ్రమపడరాదు.

ఇక తాళపుచెవిని సంపాదించు మార్గము వినుడు. అది మీరనుకొనునంత కఠినము కాదు. యాబదిమంది పనిచేయు కార్యాలయమునకు ఒక మంచి కంప్యూటరు చాలును. జూలిప్ అను సంభాషణ సాఫ్టువేరు నూఱుమందికి లోపైనచో 2 జీబీ ర్యామ్‌తోనే నడచునని దాని నిర్మాతలు చెప్పుచున్నారు. 8 జీబీ ర్యామును, ఒకటి చెడినను రెండవది నిలుచునట్లు రెండు డిస్కులును ఉన్నచో నిశ్చింత. దానిపై డెబియన్ గాని ఉబుంటు గాని వేయవలెను. వీనికి వెల లేదు. కార్యాలయపు నెట్‌వర్కులో ఆ యంత్రమునకు మాఱని చిరునామా నొకదానిని, పలుకుటకు సులువైన పేరు నొకదానిని ఈయవలెను. తీగ స్విచ్‌కు కలుపవలెను. వై-ఫైని నమ్మి సర్వరును నడుపరాదు.

సాఫ్టువేరులు పెక్కు కలవు. 1988లో ఫిన్లండు విద్యార్థి యొకడు కల్పించిన ఐఆర్‌సీతో ఈ విద్య ప్రబలినది. 1999లో జాబర్ వెలువడినది. అదియే 2004లో ఎక్స్‌ఎంపీపీ యను పేర అందఱకు నొక ప్రమాణమైనది. 2014లో మ్యాట్రిక్స్ పుట్టినది. దానిపైననే ఫ్రాన్సు ప్రభుత్వము తన ఉద్యోగుల కొఱకు 2019లో "చాప్" అను సేవను నెలకొల్పినది. ఒక గొప్ప ప్రభుత్వము తన మాటను తన యింట దాచుకొనదలచినప్పుడు చేసిన పని యిదియే. మ్యాటర్‌మోస్ట్, రాకెట్‌చాట్, జూలిప్ అనునవి కార్యాలయములకు అనువైనవి. జూలిప్‌లో ప్రతి సంభాషణకు విషయనామ ముండును గనుక పాత ఫైలు పద్ధతికి అది దగ్గఱ. ఏది యెన్నుకొన్నను రెండు సంగతులు చూడవలెను. దాని మూలపాఠము బహిరంగమైనదా? మన సందేశముల నన్నిటిని వెలికి తీసికొని మఱియొక దానికి మాఱుటకు వీలున్నదా? ఉచితమని చెప్పిన కొన్ని సాఫ్టువేరులు కాలక్రమమున వాడుకదారుల సంఖ్యకు హద్దులు పెట్టుచున్నవి. కావున లైసెన్సును చదువక చేరరాదు.

లోపలి నెట్‌వర్కే గదా యని సందేశములను బట్టబయలుగా పంపరాదు. యంత్రమునకు భద్రతా సర్టిఫికెట్ ఉండవలెను. పిదప శాఖకొక గది, పనికొక అంశము, ప్రతి యుద్యోగికి ఒక ఖాతా. తెలుగు లిపి 1991 నుండి యూనికోడులో నున్నది. నేను పేర్కొన్న సాఫ్టువేరు లన్నిటిలోను తెలుగు చక్కగా వ్రాయవచ్చును. క్రేను నడుపువాడు తన భాషలో తన కష్టము చెప్పుకొనుటకు అవకాశము కలిగినచో ప్రమాదము ముందే తెలియును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన పట్టణమును తాకినది. కరెంటును ఫోనులును కొన్ని దినములు లేకుండెను. అట్టివేళ ఆవరణలోని సర్వరు, స్విచ్‌లు, జెనరేటరుపై గాని యూపీఎస్‌పై గాని నిలిచియుండినచో, బయటి తీగ లన్నియు తెగినను లోపలి మాట నడచును. ఒక గోదామునుండి మఱియొక గోదామునకు మనిషిని పరుగెత్తింప నక్కఱలేదు.

ఇందలి కష్టములను దాచుట న్యాయము కాదు. ఆవరణ దాటిన ఉద్యోగికి ఈ సర్వరు అందదు. అతని కొఱకు వైర్‌గార్డు వంటి వీపీఎన్ మార్గము నేర్పఱుపవలెను. సందేశము రాగానే ఫోనుపై మ్రోగు గంట సాధారణముగా గూగుల్, ఆపిల్ సంస్థల ద్వారముననే వచ్చును. అంతమేరకు పరాధీనత తప్పదు. గంటతోపాటు సందేశపాఠము పోకుండునట్లు మాత్రము చేయవచ్చును. సాఫ్టువేరు వెల లేనిదైనను మనుష్యుని శ్రమకు వెల కలదు. భద్రతా సవరణలను వచ్చిన వెంటనే చేర్పని సొంత సర్వరు పరుల సర్వరుకంటె అపాయకరము. బ్యాకప్ మూడు ప్రతులుగా నుండవలెను. అందొకటి వేఱొక భవనములో నుండవలెను. తీసిన బ్యాకప్‌నుండి సందేశములు నిజముగా తిరిగి వచ్చునో లేదో నెలకొకసారి పరీక్షింపనిచో, అది బ్యాకప్ కాదు, ఆశ మాత్రమే.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న మిగిలియున్నది. దొర పోయి జమీందారు వచ్చినంతమాత్రమున రైతు బాగుపడునా? పరదేశపు కంపెనీ చేతినుండి తీసికొన్న మాటను ఆవరణలోని యొక్క అధికారి చేత పెట్టినచో జరుగున దదియే. సర్వరునకు సర్వాధికారి యగువాడు, సామాన్యపు టేర్పాటులో, ఎల్లరి సందేశములను చదువగలడు. మ్యాట్రిక్స్‌లో చివరినుండి చివరివఱకు గూఢలిపి పెట్టవచ్చును. కాని తాళపుచెవి పోయినచో రికార్డును దానితో పోవును. కావున అధికార విషయముల గదులు రికార్డుగా నిలువవలెను, వ్యక్తిగత సంభాషణలు గూఢముగా నుండవలెను. సర్వాధికారము ఇద్దఱి చేత నుండవలెను. వారు లోనికి ప్రవేశించిన ప్రతిసారి నమోదు కావలెను. ఏ సందేశము ఎన్నేండ్లు నిలుచును, ఎవరు, ఎవరి యనుమతితో చూడవచ్చును అనునది ముందే వ్రాసి గోడపై నతికింపవలెను. ఉద్యోగి వెడలినచో అతని ఖాతా మూయవలెను. అతని ఉత్తరువులు నిలువవలెను. కార్మికసంఘముల వారికి నా మనవి: మీ సంఘపు ఆలోచనలను యజమాని యంత్రముపై జరుపకుడు. అది అతని ఆస్తి. మీ సంఘమునకు కూడ మీదైన చిన్న సర్వరు నుంచుకొనుట నేరము కాదు.

సోదరులారా, ఒక్క దినములో అన్ని కార్యాలయములను మార్పుడని నేను కోరను. ఒక సంస్థలో ఒక శాఖ, ఇరువదిమంది, మూడు నెలలు ప్రయత్నింపుడు. పాత గుంపును వెంటనే మూయకుడు. ఉత్తరువులు మాత్రము క్రొత్త గదిలోనే వ్రాయుదుమని నియమము పెట్టుకొనుడు. మూడు నెలలు గడచిన పిదప ఒక పాత ఉత్తరువును రెండుచోట్లను వెదకి చూడుడు; ఎందు త్వరగా దొరకినదో మీకే తెలియును. మన పట్టణములో ఇంజనీరింగు చదువుచున్న యువకులు వేలమంది యున్నారు. వారికి పరీక్షకొఱకు కల్పిత ప్రశ్నలిచ్చుటకంటె, ఒక సహకార బ్యాంకునకో, ఒక పురపాలక కార్యాలయమునకో, ఒక ఆసుపత్రికో ఈ సర్వరును నిలిపి యేడాది నడిపి చూపుమని పని యిచ్చుట మేలు. ఓడ కట్టుట నేర్చిన యూరికి ఇది మోయరాని బరువు కాదు.