మూగవోయిన మెట్లు



ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినబడును. కొండ దిగువ తిరుపతిలో మా వీధి భజనమందిరము కూడ ఆ నెల తెల్లవారకముందే మేల్కొనును. పూర్వమచ్చట హార్మోనియము పలికెడిది; నేడు 61 మెట్ల ఎలక్ట్రానిక్ కీబోర్డు పలుకుచున్నది.

ఒక యేడు మాసారంభమునకు రెండు దినముల ముందు దానిలో నొక మెట్టు మూగపడెను. హార్మోనియమును విప్పి రీడులు తుడిచిన అలవాటు నాకు కలదు. ఆ ధైర్యముతో దీనిని విప్పి, హారతి మసియు ధూళియు తుడిచి, మరల బిగించితిని. ఆ మెట్టు పలికెను. కాని అంతవరకు పలికిన ఏడు మెట్లు మూగవోయినవి! రెండు మెట్లు తాకినంతనే ఉరిమినవి. కొన్ని నొక్కిన పిమ్మట పైకి లేవకున్నవి. సొత్తు మందిరముది, వాయింపవలసిన బాలిక ఎదుట నిలిచియున్నది. నా సిగ్గు ఏమని చెప్పుదును!

వెంటనే మరల విప్పబోయి ఆగితిని. మొదట ప్రతి మెట్టును నొక్కి, పలుకనివానిని కాగితముపై గుర్తించితిని. అవి చెదరి లేవు. సరిగా ఎనిమిదింటికొకటిగా నున్నవి.

హార్మోనియములో ఏ మెట్టు రీడు ఆ మెట్టుదే. ఒక రీడు చెడినచో ఆ స్వరమునకే కీడు. కీబోర్డులో అట్లు కాదు. మెట్లన్నియు అడ్డము, నిలువు తీగల వలలో కూర్పబడియుండును. ఒక్కొక్క తీగను పలు మెట్లు పంచుకొనును. కావున ఒక వరుసక్రమమున మెట్లు మూగపడినచో, దోషమును మెట్లలోగాక అవి పంచుకొను తీగలో వెదకవలెను. చూడగా, ఆ తీగలను ప్రధాన సర్క్యూట్ బోర్డునకు చేర్చు పట్టీ ఒక అంచున పూర్తిగా దిగలేదు. సరిచేయగానే ఏడును పలికినవి.

ఉరిమిన మెట్ల సంగతి వేరు. ఈ వాద్యమున ప్రతి మెట్టు క్రిందను రబ్బరు పట్టీలో రెండు నల్లని కర్బనపు బొట్లు కలవు. నొక్కినపుడు ఒకటి ముందు, ఒకటి వెనుక తగులును. ఆ నడిమి కాలమును బట్టి స్వరబలము నిర్ణయింపబడును. నేను పట్టీని రంధ్రములలో సరిగా కూర్చకపోవుటచే ఆ లెక్క తప్పెను. ఇక లేవని మెట్లకు కారణము మరలను మితిమీరి బిగించుటయే.

బాగుచేసిన వెంటనే క్రొత్త దోషము కనబడినచో, వాద్యమును నిందింపక, మన చేయి తాకిన చోటనే మొదట వెదకవలెను. విప్పుటకు ముందు విద్యుత్తు తొలగింపుడు, ఫొటో తీసికొనుడు, పొడవును బట్టి మరలను వేరువేరుగా నుంచుడు, కర్బనపు బొట్లను గరుకు కాగితముతో రుద్దకుడు, ఒక మారునకు ఒక్కటే మార్చి పరీక్షింపుడు. కాలిన వాసన వచ్చినచో మాత్రము నిపుణుని కడకు కొనిపోవుడు.

మాసము తొలి వేకువను ఆ బాలిక వాయించెను, మెట్లన్నియు పలికినవి. నాటినుండి నా స్క్రూడ్రైవరు ప్రక్కన ఒక కాగితము, పెన్సిలు కూడ ఉంచుకొనుచున్నాను.