దొంగతనమా, దోపిడీయా?



సొత్తు పోతే మనం ముందుగా దాని విలువ లెక్క కడతాం. చట్టం మాత్రం ప్రధానంగా ఎక్కడ పోయింది, ఎలా పోయింది అని చూస్తుంది.

1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. దాని 303వ సెక్షన్ ప్రకారం మామూలు దొంగతనానికి 3 ఏళ్ల వరకు జైలు. మెడలో గొలుసు హఠాత్తుగా లాక్కుపోవడం 304 కింద ప్రత్యేక నేరం. దానికీ 3 ఏళ్ల వరకే. నివాసముండే ఇంట్లో దొంగతనమైతే 305 కింద 7 ఏళ్ల వరకు.

సొత్తు కోసం కావాలని కొట్టినా, అప్పటికప్పుడు కొడతానని బెదిరించినా అది దోపిడీ. 309 కింద 10 ఏళ్ల వరకు కఠిన కారాగారం. గాయపరిస్తే యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. ఐదుగురు లేక అంతకు మించి కలిసి దోపిడీ చేస్తే బందిపోటుతనం. 310 కింద దానికీ యావజ్జీవం దాకా శిక్ష ఉంది.

అందుచేత "గొలుసు పోయింది" అని ఒక్క ముక్క రాసిచ్చి ఇంటికి రాకండి. తోశాడా, కొట్టాడా, కత్తి చూపాడా, ఎంతమంది వచ్చారు, అన్నీ రాయండి. గాయముంటే డాక్టరుకు చూపించి కాగితం తీసుకోండి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి.

సర్వీసంతా ఫైళ్లలో ఒక్క వివరం వదలకుండా నోట్ రాసినవాళ్లం మనం. ఇక్కడా అదే పద్ధతి: ఉన్నది వదలవద్దు, లేనిది చేర్చవద్దు. సెలవు.